నూట ఎనిమిది నిమిషాలు

ఆ ఎండాకాలం మా బాబా లండన్‌లో ఉన్నాడు. అడిగినవాళ్ళందరికీ మేం అదే చెప్పాం. నిజానికి ఆయన మా నెత్తిమీదే, మిద్దెపైన, నీళ్ళు లేని నీళ్ళ ట్యాంకులో ఉన్నాడు.

కువైట్‌లో మేం పనిమనుషులం యజమానిని బాబా అంటాం, యజమానురాలిని మామా అంటాం. జాబ్రియాలో వాళ్ళింట్లో నేను చేరి అప్పటికి ఐదేళ్ళు. నేను చేరేనాటికి వాళ్ళ కొడుకు మిషారి పాకుతున్నాడు. వాడి చెల్లెలు దానా నా చేతుల్లోనే పెరిగింది. ఆ ఎండాకాలానికి వాడికి ఆరేళ్ళు, దానికి నాలుగు. నా పేరు సంజీవమ్మ, వాళ్ళకు సంజూ. ఇద్దరూ నాతో తెలుగే మాట్లాడేవాళ్ళు, అదీ అచ్చం మా రాయచోటి తెలుగు. అరబ్బుల పొడుగు అంగీ, తెల్లటి దిష్‌దాషా తొడుక్కుని "సంజూ, ఆకలైతాంది" అని మిషారి అంటే డ్రైవరు ఖాసిం వలి కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఆయనదీ రాయచోటే.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టు రెండో తేదీ తెల్లవారుజామున ఇరాక్ సైన్యం ఊళ్ళోకి దిగింది. బాబా పోలీసు ఆఫీసరు. రెండు రోజుల తర్వాత ఎవరిదో దిష్‌దాషా వేసుకుని గోడ దూకి ఇంటికొచ్చాడు. ఆయన యూనిఫారం మామా, నేను కలిసి వెనక పెరట్లో ఇనప డబ్బాలో వేసి కాల్చాం. గుండీలు కాలలేదు. వాటిని ఏరి మురుక్కాలువలో పడేశాను. పోలీసు ఆఫీసర్ల పేర్లన్నీ సైనికుల దగ్గర జాబితాగా ఉన్నాయని అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. పట్టుకెళ్ళినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదన్న సంగతి కూడా తెలుసు.

మిద్దెపైన రెండు ట్యాంకులుండేవి. గుండ్రటివి, తెల్లటివి. బాబా ఒకదాన్ని ఖాళీ చేసి, మూత అంచు కింద గాలి కోసం నాలుగు బెజ్జాలు పెట్టుకున్నాడు. వీధి చివర జీపు చప్పుడైతే చాలు, తడి దుప్పటి చుట్టుకుని అందులో దిగేవాడు. ఇంట్లో ఈ సంగతి తెలిసిన పెద్దవాళ్ళం ముగ్గురమే: మామా, నేను, ఖాసిం వలి.

మొదటి సోదాకు ముగ్గురు సైనికులు వచ్చారు. బూట్లతోనే తివాచీల మీద నడిచారు, బీరువాలు తీశారు. నా పెట్టె కూడా తెరిచి, వీరభద్రస్వామి పటం చూసి, ఇది మనకెందుకని మూసేశారు. "మీ ఆయనెక్కడ?" అని మామాను అడిగారు.

"లండన్‌లో. జూలైలో వెళ్ళాడు" అంది మామా.

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. మాది గోడకు సున్నం పట్టినట్టు అతికింది. అతకనివి దానా కళ్ళొక్కటే. సైనికులున్నంతసేపూ ఆ పిల్ల మెడ వెనక్కి విరుచుకుని పైకప్పు వంకే చూస్తూ నిలబడింది. అది చూసి ఒక సైనికుడూ పైకి చూశాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. "ఏం, ఫ్యానంటే భయమా?" అని దాని బుగ్గ గిల్లి వెళ్ళిపోయాడు.

వాళ్ళు పోయాక మామా తలుపు గడియ పెట్టి నా వైపు తిరిగింది. "సంజీవా, పిల్లలకు ఏదైనా చెప్పు. కథ చెప్తావో, భయమే పెడతావో నీ ఇష్టం. వాళ్ళు పైకి చూడకూడదు" అంది. భయపెట్టడం నాకు చేతకాదు. కథలు చెప్పడమంటే మాత్రం నోరు ఊరుకోదు.

ఆ సాయంత్రం ఇద్దర్నీ వంటింట్లో కూర్చోబెట్టుకుని కొత్తిమీర తుంచుతూ మొదలుపెట్టాను. పేదరాశి పెద్దమ్మ కథలు వాళ్ళకు ఎప్పుడో పాతబడ్డాయి. చిన్నమండెం బడిలో మా అయ్యవారు చదివి వినిపించిన రష్యా బొమ్మల పుస్తకం ఒకటి గుర్తొచ్చింది. ఆ రోజుల్లో రష్యా నుంచి నున్నటి కాగితం మీద అచ్చేసిన తెలుగు పుస్తకాలు వచ్చేవి, బడి పిల్లలకు కూడా అందే ధరకు. అందులో మనిషి మొట్టమొదటిసారి అంతరిక్షానికి పోయిన సంగతి ఉంది.

"మీ నాయన దాక్కోని లేడు. ఆకాశంలోకి పొయినాడు" అన్నాను.

మిషారి నన్ను ఎగాదిగా చూశాడు. "ట్యాంకులో ఉండాడు. నేను జూసినా."

"అది ట్యాంకని ఎవురు జెప్పినారు నీకు? గుండ్రంగా, తెల్లంగా, పైన మూత. రష్యా దేశంలో గగారిన్ అని ఒకాయప్ప ఉన్న్యాడు. ఆయప్ప ఎక్కిందీ అట్లాంటి గుండులోనే. మనుషుల్లో మొట్టమొదట ఆకాశం దాటి పొయినోడు ఆయప్పే."

"ఎట్ల పొయినాడు?"

"తారాజువ్వ జూసినావు గదా? కింద నిప్పు కక్కుతాది, పైకి లేస్తాది. ఇదీ అంతే, కాకపోతే మన మిద్దె మీద ఇంగో తొమ్మిది మిద్దెలు పెట్టినంత పొడుగు. సగం దూరం పొయినాక కాలిపొయిన ముక్క ఊడి పడిపోతాది. బరువు తగ్గి ఇంగా పైకి పోతాది. ఇంగో ముక్క ఊడుతాది. ఆఖరికి గుండొక్కటే మిగుల్తాది. ఆ గుండులో కూచోని ఆయప్ప యల్లా అన్న్యాడు, పొయినాడు."

"యల్లా అనే అన్న్యాడా?"

"వాళ్ళ మాటలో అన్న్యాడు లే. పోదాం పదండి అనేదే అర్థం."

పైన బరువుండదని చెప్పాను. పెన్సిలు వదిలేస్తే కింద పడదని, చేపపిల్లలాగా గాల్లో ఈదుకుంటూ పోతుందని చెప్పాను. కిటికీలోంచి చూస్తే భూమి గుండ్రంగా, నీలంగా కనబడిందని, ఆయన దాని చుట్టూ ఒకే ఒక్క చుట్టు తిరిగొచ్చాడని చెప్పాను. ఉచ్చ వస్తే ఏం చేశాడని దానా అడిగింది. నీలాగా పరుపు మీద పోసుకోలేదులే అన్నాను. దిగాక కారెక్కించి ఊరేగించారని, వీధులనిండా జనం నిలబడి చేతులు ఊపారని కూడా చెప్పాను.

"ఆయప్ప కంటే ముందు ఎవురూ పోలేదా?" అన్నాడు మిషారి.

"కుక్కలు పొయినాయి."

"తిరిగొచ్చినాయా?"

"రెండు కుక్కలు నిక్షేపంగా తిరిగొచ్చినాయి" అన్నాను. తిరిగి రాని కుక్క సంగతి కూడా పుస్తకంలో ఉంది. అది మింగేశాను.

"గుండును ఎవురు నడిపినారు?"

నాకు కావలసిన ప్రశ్న అదే. "ఆయప్ప చేతిలో ఏమీ లేదు నాయనా. అంతపైన ఒంటరిగా మతి పోతాదేమోనని మీటలకు తాళం బెట్టినారు. తాళం దీసే నెంబరు ఒక కవర్లో పెట్టి అంటించినారు. నడిపిందంతా కిందుండేటోళ్ళే. అందుకే కిందోళ్ళు నోరు తెరుచుకోని ఆకాశంకల్లా చూడరు. తల వంచుకోని వాళ్ళ పని వాళ్ళు జేస్తారు. వాళ్ళు పైకి చూసినారంటే పైనోడికి ముప్పు."

"అయితే కిందోళ్ళంటే మనమే" అన్నాడు.

"మనమే."

"ఎంతసేపు తిరిగినాడు?"

ఇక్కడే నేను తప్పు చేశాను. నూట ఎనిమిది నిమిషాలు. పుస్తకంలో ఆ అంకె దగ్గరికి రాగానే మా తరగతి తరగతంతా గొల్లుమంది. మా అమ్మ రాయచోటి వీరభద్రుడి గుడి చుట్టూ చేసే ప్రదక్షిణలెన్ని? అష్టోత్తరంలో దేవుడి పేర్లెన్ని? రష్యావాళ్ళు దేవుణ్ణి వద్దనుకున్నా దేవుడే వాళ్ళ లెక్క సరిచేశాడని అయ్యవారు కూడా మురిసిపోయారు. ఆ మురిపెం నాలో అట్లాగే ఉండిపోయింది. మామా జపమాలలో తొంభై తొమ్మిది పూసలుంటాయి. దాని మీద పిల్లలతో లెక్కపెట్టించాను: తొంభై తొమ్మిదీ అయ్యాక, మళ్ళీ మొదటినుంచి ఇంకో తొమ్మిది.

"నూటెనిమిదికి మించి ఒక్క నిమిషం గూడా ఉండగూడదు. అప్పుటికి కిందోళ్ళు దింపేయాల" అన్నాను.

ఆ మాట పుస్తకంలో లేదు. లెక్క దాటితే మొక్కు చెడుతుందనేది మా అమ్మ పట్టింపు. నోటికొచ్చింది, అనేశాను. ఎందుకైనా మంచిదని గగారిన్ వెంట పది రోజుల తిండి పెట్టి పంపారని కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అది చెప్పాలని నాకు తోచనే లేదు.

రెండో సోదా ఆగస్టు చివర్లో. మిషారికి మీట నొక్కితే అంకెలు పరిగెత్తే చేతి గడియారం ఉండేది. జీపు చప్పుడు వినగానే మీట నొక్కి, చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని, నేల చూస్తూ బొమ్మ కార్లు తోసుకున్నాడు. దానా కూడా తల ఎత్తలేదు. సైనికులు వెళ్ళగానే గ్లాసుడు నీళ్ళు తీసుకుని మిద్దెక్కి, "ముప్పై ఐదు!" అని అరిచాడు. బాబా ట్యాంకులోంచి చెమటతో స్నానం చేసినట్టు బయటికొచ్చి, ఆ నీళ్ళు తాగి, వాణ్ణి ఎత్తుకున్నాడు. "నువ్వు కింద ఉండగా నాకేం భయం" అన్నాడు. మామా నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నేను పొంగిపోయాను, దాచుకోవడం దేనికి.

సెప్టెంబరు వచ్చేసరికి ఊరు చచ్చిన ఊరైంది. రొట్టెల కోసం మిర్కాబ్ దాకా పోయిన ఖాసిం వలి ఒకరోజు పొద్దెక్కాక తిరిగొచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"ఇండియావోళ్ళకు బస్సులు పెడతాండారు సంజీవమ్మా. బస్రా మీంద బాగ్దాదు, ఆణ్ణించి జోర్డాను, ఆడ ఇమానం. నీ పేరూ నా పేరూ రాయించినా."

"పిల్లోళ్ళను ఇడిసిపెట్టి ఎట్ల పోయేదన్నా?"

"వాళ్ళకు వాళ్ళమ్మ ఉండాది. నువ్వు ముందు నోరు జాగర్త. వెనక వీధిలో ఒక ఆఫీసర్ను పట్టుకపొయినారు. ఇంట్లో పనిజేసేటోడే చెప్పినాడంట. అల్లా వానికి పుట్టగతులు ల్యాకుండా చేస్తాడు."

ఆ తర్వాత వారానికి మూడో సోదా. పొద్దున పదకొండు. ఈసారి నలుగురు సైనికులు, వాళ్ళతో ఒక ఆఫీసరు. ఆ ఆఫీసరు మర్యాదస్తుడు. గుమ్మంలో బూట్లు తుడుచుకున్నాడు. దాంతోనే నా పై ప్రాణాలు పైనే పోయాయి. సైనికులు అరగంటలో ఇల్లంతా వెతికి, ఏమీ లేదన్నారు. ఇంక పోతారనుకున్నాం. ఆయన దివానియాలో, అంటే మగవాళ్ళ చావడిలో, మెత్తల మీద కూర్చుని టోపీ తీసి పక్కన పెట్టాడు.

"బయట ఎండ మండిపోతోంది. కాస్త చల్లబడ్డాక వెళ్తాం. చాయ్ ఉంటుందా?" అన్నాడు.

చాయ్ ఇచ్చాను. తర్వాత భోజనం అన్నాడు. మామాను ఎదురుగా కూర్చోబెట్టుకుని, లండన్‌లో మీ ఆయన ఏ వీధిలో ఉంటాడు, అక్కడ ఇప్పుడు వానలేనా, ఫోన్ చేశాడా అని నిదానంగా అడుగుతున్నాడు. మామా ఒక్కోదానికీ జవాబు చెబుతోంది. వంటింట్లో కోడికూర కలుపుతుంటే నాకు ఆ గొంతులే వినబడుతున్నాయి. ఈ ఎండలో ఆ ట్యాంకు ఎంత కాలిపోతోందో, ఆయన ఎట్లా ఉన్నాడో అన్నదే ఆలోచన. మధ్యలో తొంగి చూస్తే మిషారి హాల్లో మెట్ల మొదట్లో, తల వంచుకుని, బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. బంగారు తండ్రి, ఎట్లా చెప్తే అట్లా చేస్తున్నాడనుకున్నాను.

అన్నం పళ్ళెం తీసుకుని హాల్లోంచి పోతుంటే వాడు తల ఎత్తకుండానే అన్నాడు. "తొంభై ఒగటి."

నూటెనిమిది సంగతి అంతవరకూ నాకు గుర్తే లేదు. కోప్పడుతున్నట్టు ముఖం పెట్టి తెలుగులో చెప్పాను. "ఈ పొద్దు లెక్క లేదు నాయనా. ఎంతసేపైనా ఉండొచ్చు."

"మించగూడదని నువ్వే జెప్పినావు."

"తప్పు జెప్పినా. పుస్తకంలో అట్ల లేదు."

వాడు నా ముఖంలోకి చూశాడు. "నువ్వు భయపడ్తాండావు సంజూ. భయపడి అబద్ధం జెప్తాండావు."

"ఏంటి మాటలు?" అన్నాడు తలుపు దగ్గరి సైనికుడు.

"తిండి తినడం లేదండీ" అని అరబ్బీలో చెప్పి, వాణ్ణి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాను. వచ్చాడు. దానా పక్కన కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. "గడియారం ఇయ్యి" అన్నాను. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. లాక్కుంటే ఏడుస్తాడు, ఏడిస్తే వాళ్ళు వస్తారు. ఇంకో మాట చెప్పబోయేలోగా దివానియాలోంచి ఆఫీసరు పిలిచాడు, చాయ్‌లో చక్కెర చాల్లేదట. చక్కెర డబ్బా తీసుకుని వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సిందని ఇప్పుడంటే ఏం లాభం?

దివానియా తలుపు లోంచి హాలు, మెట్లు కనబడతాయి. నేను చక్కెర వేస్తుండగా మిషారి వంటింట్లోంచి వచ్చాడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకున్నాడు. నీళ్ళు తొణక్కుండా, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, మెల్లగా ఎక్కాడు. పైకి చూడలేదు.

ఆఫీసరు చెంచాతో చాయ్ రెండుసార్లు తిప్పాడు.

"పిల్లాడు నీళ్ళెవరికి తీసుకెళ్తున్నాడు?"

"పావురాలకు" అన్నాను నేను. అది అతకలేదు. ఆయన కప్పు కింద పెట్టి, టోపీ పెట్టుకుని లేచాడు.

బాబాను ఇద్దరు సైనికులు చంకల కింద పట్టుకుని దింపారు. ఒళ్ళంతా ఉడికిన రంగు, పెదాలు పగిలిపోయాయి, నిలబడలేకపోతున్నాడు. ఇంకో గంట ఉంటే చచ్చేవాడని ఒక సైనికుడు అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను చాలా ఏళ్ళు వేలాడాను. మిషారి తెచ్చిన నీళ్ళు తాగనిచ్చారు. తాగి, కొడుకు తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత జీపులో ఎక్కించారు. గేటు దగ్గర మిషారి నిటారుగా నిలబడి, జీపు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాడు. నా పక్కకొచ్చి, "ఊరేగింపు యాడికి పోతాది సంజూ?" అన్నాడు.

రెండు రోజులు అడిగాడు. మూడో రోజు అడగడం మానేసి, తినడం కూడా మానేశాడు. నాలుగో రోజు గడియారం విప్పి సుత్తితో కొట్టాడు. ఆ మధ్యాహ్నం మామా వంటింట్లోకి వచ్చి తలుపేసింది. నాలుగు రోజుల్లో ఆమె పదేళ్ళు ముసలిదైంది.

"'నేను నీళ్ళు తీసుకెళ్ళకపోతే బాబా ఇంట్లో ఉండేవాడా?' అని అడిగాడు" అంది.

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "ఆ అంకె నేను చెప్పింది మామా. మించకూడదన్నది నా కల్పన. తప్పు నాది. నన్ను కొట్టండి."

"తెలుసు. మీరు పూసలు లెక్కపెట్టిన రోజు నేను తలుపు చాటునుంచి చూశాను. నాకూ ముచ్చటేసింది." నా భుజం మీద చెయ్యేసింది. "సంజీవా, నువ్వు బస్సెక్కి వెళ్ళిపోతావు. వాడు ఇంకా అరవై ఏళ్ళు బతకాలి. దీన్ని నెత్తిన పెట్టుకుని ఎట్లా బతుకుతాడు?"

ఆమె అడగబోయేది నాకు అర్థమైంది. చిత్రంగా, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది.

"నేను ఆఫీసరుకు చెప్పేశానని చెప్పండి" అన్నాను. "చక్కెర వేసేటప్పుడు. భయపడి చెప్పేశానని చెప్పండి."

మామా వాణ్ణి పిలిచి, నా ఎదుటే చెప్పింది. వాడు మెట్లెక్కకముందే ఆఫీసరుకు అంతా తెలుసునంది. సంజీవ చెప్పేసిందంది. వాడు నా వైపు తిరిగాడు. కళ్ళు చికిలించి, నా ముఖమంతా వెతికాడు.

"నువ్వా?" అన్నాడు తెలుగులో.

"నేనే నాయనా."

"భయపడితివా?"

"భయపడితిని."

అంతే. వాడు నాతో తెలుగులో మాట్లాడింది అదే ఆఖరు. తర్వాత ఏం కావాలన్నా వాళ్ళమ్మతో అరబ్బీలో చెప్పేవాడు. నా చేతి అన్నం ముట్టలేదు. కానీ ఆ రాత్రి వాళ్ళమ్మ పెడితే తిన్నాడు, నిద్రపోయాడు. తలుపు సందులోంచి చూసి, నేనూ పడుకున్నాను.

బస్సు రోజు ఖాసిం వలి నా పెట్టె కారులో పెట్టాడు. నేను చెప్పేశానన్న మాట మిషారి నోటినుంచి ఆయన చెవిన పడింది. నా ముఖం చూడకుండా అన్నాడు. "తిన్నింటి వాసాలు లెక్కబెట్టినావు గదమ్మా. అంత సిన్న పిల్లోళ్ళున్న ఇల్లు. ఊర్లో ఎవురికైనా మొగం ఎట్ల చూపిస్తావు?"

కాదని చెప్పొచ్చు. ఆయన మంచివాడే, నమ్మేవాడు కూడా. నమ్మి, ఎప్పుడో ఒకప్పుడు ఎవరితోనో అనేవాడు, అది తిరిగి తిరిగి ఈ ఇంటికే చేరేది. పని ఒప్పుకున్నాక సగంలో వదలడం మా ఇంటా వంటా లేదు. నోరు మూసుకుని దానాను ముద్దుపెట్టుకున్నాను. మామా గుమ్మం దాకా వచ్చింది గానీ కౌగిలించుకోలేదు. పిల్లవాడు చూస్తున్నాడు కదా.

గేటు దాటి కారు వైపు నడుస్తుంటే రాయి వచ్చి వీపుకు తగిలింది. గట్టిగానే విసిరాడు, ఆరేళ్ళ చెయ్యి అనిపించలేదు. తిరిగి చూస్తే నా ముఖంలో కనిపెట్టేస్తాడని తిరగలేదు. హమ్మయ్య, నమ్మాడు అనుకుంటూ కారెక్కాను.